సంచి అప్పగించి వెళ్ళిన మీకు

మొన్న గురువారం కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరం వచ్చే బస్సులో గుడ్డసంచి మరిచిపోయింది నేనే. అందులో మా నాన్నగారి ఫొటో, ఆయన చేతిరాత పుస్తకం ఉన్నాయి. మర్నాడే ఆయన సంస్మరణ సభ.

నాన్నగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. 1974లో రోడ్డు, రైలు వంతెన రాకముందు లాంచీలో గోదావరి దాటి బడికి వెళ్ళేవారు. వరదొస్తే పాత రైలు వంతెన మీదుగా రైల్లో వెళ్ళేవారు కానీ సెలవు పెట్టేవారు కాదు. పదో తరగతికి పదకొండు పేపర్లున్న రోజుల్లో ఏ పిల్లవాడికి పరీక్ష ఫీజు కట్టారో ఆ పుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నారు. పేరు, ఎదురుగా మొత్తం, అంతే. తిరిగి ఇచ్చారా లేదా అన్న గడే లేదు. అమ్మకు కూడా చూపించలేదట. (మా లెక్కల మార్కుల దగ్గర ఇంత దయ ఉండేది కాదు, అది వేరే సంగతి.)

మీరు సంచిని డిపోలో ఇచ్చి, పేరు చెప్పకుండా వెళ్ళిపోయారట. కండక్టరుకు గుర్తున్నదల్లా మీ చేతిలోని తోటకూర కట్ట. ఊడిపోతున్న అట్టకు రబ్బరు బ్యాండు వేసింది కూడా మీరే అయి ఉండాలి, మా ఇంట్లో ఎవరూ వేయలేదు.

సభలో పేర్లు చదవకుండా పుస్తకాన్ని ఫొటో పక్కన పెట్టాం. వెనక వరసలోంచి ఒక పెద్దాయన వచ్చి దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు.

మీకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. డిపోలో మా ఫోను నంబరు ఇచ్చాం, ఒకసారి కాఫీకి రండి.