కుళాయి దగ్గర పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైతే చాలు, అతిసారం వార్తలు వస్తాయి. ఆ వెంటనే నీటి పరీక్షల్లో లోపమేమీ లేదని అధికారుల ప్రకటన వస్తుంది. శుద్ధి కేంద్రంలోనో, ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరో సీసా నింపితే లోపం కనబడకపోవచ్చు. నీరు చెడిపోయేది ఆ తరువాత, వీధి కింద పైపుల్లో.

మన పట్టణాల్లో చాలాచోట్ల నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. వాల్వు కట్టేయగానే పైపులో ఒత్తిడి పోతుంది. పగుళ్లలోంచి, వదులైన జాయింట్లలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. ఏ పాత వీధిలోనైనా పలకలు లేని కాలువలోకి వంగి చూడండి, ఇంటి కనెక్షన్ పైపులు ఆ మురుగులో మునిగే కనిపిస్తాయి. పైగా నీళ్లు చాలక కొళాయి లైనుకే మోటారు బిగించి లాగుతున్నాం. ఆ లాగుడుకు మురుగూ వస్తుంది. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో కుళాయి బుసబుసలాడి మట్టిరంగు నీళ్లు కక్కడం ఎవరికి తెలియదు?

కర్ణాటకలోని హుబ్లీ–ధార్వాడ్‌లో కొన్ని ప్రాంతాలకు 24 గంటలూ, మిగతా ఊరికి కొద్ది గంటలే నీరిచ్చేవారు. ఎమిలీ కుంపెల్, కారా నెల్సన్ అనే పర్యావరణ ఇంజనీర్లు రెండుచోట్లా కుళాయి నీటిని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. గంటల లెక్కన వచ్చే నీటి నమూనాల్లో దాదాపు మూడో వంతులో ఇ.కోలి ఉంది. నీటిలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా అది. నిరంతరం వచ్చేచోట నూటికి ఒక నమూనాలో కూడా లేదు. నీళ్లు వదిలిన తొలి క్షణాల్లో, ఒత్తిడి తగ్గినప్పుడు, వానాకాలంలో కాలుష్యం ఎక్కువని కూడా వారు చూపించారు.

2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషిత నీటికి ప్రాణాలే పోయాయి. అంతటి నష్టం తరువాత కూడా పాత పద్ధతిలోనే నమూనాలు తీయడం నాకు అర్థం కాదు.

24 గంటల సరఫరా రేపటికల్లా రాదు, ఒప్పుకుంటాను. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో, లైను చివరి ఇళ్ల కుళాయిల వద్ద నమూనాలు తీయాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణమే. క్లోరోస్కోప్ అనే చిన్న పరీక్ష పరికరంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉందని చెప్పే పసుపు రంగు తేలుతుందో లేదో ఇంటివాళ్ల ముందే తెలుస్తుంది. ఇ.కోలి తేలడానికి మాత్రం ప్రయోగశాలలో ఒక రోజు పడుతుంది. ఆ పని దగ్గర్లోని ఇంజనీరింగ్ కళాశాలలకు అప్పగించవచ్చు. వీధుల వారీగా ఫలితాలను వార్డు కార్యాలయం బోర్డు మీద రాయాలి, చెడ్డవి కూడా. మురుగు కాలువల్లోంచి వెళ్లే కనెక్షన్ పైపులను వచ్చే వానాకాలానికి ముందే మార్చాలి. మన వంతుగా కుళాయి లైనుకు బిగించిన మోటార్లు మనమే తీసేయాలి.

– ఒక పాఠకురాలు