మీ ఫిర్యాదు ఫారమ్ మీదే ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

జావాస్క్రిప్ట్, అంటే పేజీతో పాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామ్, అందకపోతే మీ ఇంటర్నెట్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఫారమ్ కదలదు. లోపాలు ఎవరికైనా వస్తాయి, దానికి కోపం లేదు. ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టకపోవడమే నా బాధ.

ఫోన్ ఎత్తినమ్మాయి కాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు) క్లియర్ చేయమంది. తర్వాతాయన బ్రౌజర్ మార్చమన్నాడు. టెక్నికల్ టీమ్‌కి కలిపితే మోడెం ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. కారణమంతా వివరంగా మెయిల్ పెడితే, "మా వెబ్‌సైట్‌లోని ఫారమ్ నింపండి" అని జవాబిచ్చి టికెట్ మూసేశారు. చాట్ కూడా జావాస్క్రిప్ట్ ఉంటేనే తెరుచుకుంటుంది. ఎక్కడ ఆగుతోందని ఒక్కరూ అడగలేదు.

పేజీ సోర్స్ తెరిచి చూడండి. మీ సబ్మిట్ బటన్ అసలు బటనే కాదు, ఆన్‌క్లిక్ (నొక్కితే స్క్రిప్ట్‌ని నడిపే ఏర్పాటు) తగిలించిన డివ్, అంటే ఉత్త డబ్బా. ఫారమ్ ట్యాగ్‌కి యాక్షన్, అంటే నింపినవి ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా, లేదు. గళ్లకి నేమ్ లేదు. నేమ్ లేని గడిలో ఏం రాసినా బ్రౌజర్ సర్వర్‌కి పంపదు. మండలాల జాబితా స్క్రిప్ట్ వస్తేనే నిండుతుంది.

జావాస్క్రిప్ట్ కావాలని ఆపుకున్నవాళ్ల గొడవ ఇదని మీవాళ్లు కొట్టిపారేశారు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ 2013లో లెక్క తీస్తే, తమ సైట్‌లో జావాస్క్రిప్ట్ అందనివాళ్లు 1.1 శాతం. ఆపుకున్నవాళ్లు, బ్రౌజర్‌లో ఆ సదుపాయమే లేనివాళ్లు కలిపి 0.2 శాతమే. మిగతావాళ్ల బ్రౌజర్‌లో ఉన్నా పేజీకి అందలేదు. తుపానుకి లైన్లు తెగితే విశాఖ జనం ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్‌తోనే కదా మీకు ఫిర్యాదు చేయాలి!

చేయాల్సింది పెద్ద పనేం కాదు. యాక్షన్‌లో సర్వర్ చిరునామా, మెథడ్ (పంపే పద్ధతి) పోస్ట్, నిజమైన సబ్మిట్ బటన్, ప్రతి గడికీ నేమ్. జిల్లా పక్కన "మండలాలు చూపించు" అని ఇంకో సబ్మిట్ బటన్ పెడితే జాబితాని సర్వరే నింపి పంపుతుంది. తప్పులు కూడా సర్వరే పట్టాలి. నింపినవి చెరిగిపోకుండా, తప్పున్న గడి పక్కనే కారణం చూపాలి. అంతా సరిగా ఉంటే 303తో (వేరే పేజీకి వెళ్లమని సర్వర్ బ్రౌజర్‌కి చెప్పే కోడ్) రసీదు పేజీకి మళ్లించండి, రిఫ్రెష్ కొట్టినా ఫిర్యాదు రెండోసారి నమోదు కాదు. స్క్రిప్ట్ సొగసులు ఆ తర్వాత.

మిమ్మల్ని నమ్మి మధురవాడలో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ మీ కనెక్షనే పెట్టించాను. ఈసారి ఫారమ్ రాసిన ఇంజినీరు చేతే జవాబిప్పించండి. మళ్లీ కాష్ మాటే వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
మధురవాడ, విశాఖపట్నం