చెంచాడు నీళ్ళ లెక్క

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. కొత్త ఫ్లాటు గురించి నాలుగు ముక్కలు, కాక్టస్ గురించి రెండు పేజీలూ రాశావు! కడియం నర్సరీలో కొన్న ఆ ఎర్ర తలకాయ బతుకుతుందా లేదా అన్నదే నీ టెన్షన్ అని అర్థమైంది.

నిజానికి నువ్వు కొన్నది రెండు మొక్కలురా. పైన ఎర్ర బంతి జిమ్నోకాలిసియం అనే కాక్టస్. దానికి పత్రహరితం లేదు, తన తిండి తను తయారుచేసుకోలేదు. అందుకని డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ మీద అంటు కడతారు. మూడు పలకల ఆకుపచ్చ కాడ పైన బంతి కూర్చున్నచోట దగ్గరగా చూడు, అతుకు కనిపిస్తుంది. ఈ జోడీ మామూలుగా కొన్నేళ్ళే ఉంటుంది. ఎప్పుడైనా పోతే నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇక ‘వారానికి ఒక చెంచా నీళ్ళు’ అని చెప్పి అమ్మారన్నావే, ఆ లెక్క వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చెంచాడు నీళ్ళు పైమట్టిని తడిపి ఊరుకుంటాయి, వేళ్ళదాకా దిగవు. పోసిననాడు అడుగు చిల్లులోంచి కారేదాకా పొయ్. తర్వాత మట్టి అడుగుదాకా ఎండితే తప్ప మళ్ళీ ముట్టుకోకు. చీపురుపుల్ల దింపి చూడు, తడిమట్టి అంటుకొస్తే ఆగు. మీ వైజాగ్ తేమకి వానాకాలంలో మూడు వారాలు పట్టినా పట్టొచ్చు. కంగారు అక్కర్లేదు. కాక్టస్ పగలు తన రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటుంది. నీళ్ళ విషయంలో మహా పిసినారి. ఇళ్ళల్లో ఇవి పోయేది ఎక్కువగా మొదలు కుళ్ళి. కాడ కింద మెత్తబడి గోధుమరంగుకి తిరిగితే అదే.

కుండీ పైన రంగురాళ్ళు గమ్ముతో అతికించి ఉంటే పీకి పారెయ్. మట్టిలో సగం ముతక ఇసుక కలుపు. బీచ్ ఇసుక మాత్రం తేకు, ఉప్పు. కుండీ మార్చేటప్పుడు పేపరు మడిచి పట్టీలా చుట్టి పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకోవు. మార్చిన వారందాకా నీళ్ళొద్దు.

కంప్యూటర్ పక్కన పెడితే రేడియేషన్ పీల్చేస్తుందని ఎవరో చెప్పారన్నావు. ఉత్తమాట. అక్కడ వెలుతురు చాలక కాడ సన్నగా, పాలిపోయి సాగుతుంది. సాగినది మళ్ళీ లావెక్కదు. ముళ్ళ మొక్క ఇంట్లో వద్దని అమ్మ గొడవ చేస్తోందన్నావుగా, ఈ ఒక్కసారికి ఆవిడ మాట విను. తూర్పు బాల్కనీలో పెట్టు, ఉదయపు ఎండ దానికి సరిపోతుంది. మధ్యాహ్నపు ఎండలో ఆ ఎర్ర బంతి మాడుతుంది.

అన్నట్టు, ‘మన పొలం గట్టు మీద జెముడుకి ఎవరు సేవ చేశారు?’ అని వెటకారమాడావు. పాలు కారే ఆ జెముడు కాక్టస్సే కాదురా, యుఫోర్బియా. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కూడా. చెరువు పక్కన పళ్ళు కోసుకుని నాలుక ఎర్రగా చేసుకున్నాం చూడు, ఆ నాగజెముడు అసలు కాక్టస్. అమెరికా ఖండం నుంచి వచ్చింది. తేడా ఎలా తెలుస్తుందంటే, కాక్టస్ ముల్లు చిన్న నూగు మెత్తలోంచి పుడుతుంది. నీ మొక్కలో చూస్తే తెలుస్తుంది.

కాడ పలకల మధ్య సందుల్లో తెల్లగా దూదిలా కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు. దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడువు, వారం తర్వాత ఇంకోసారి. నెలాఖరుకి అటు వచ్చే పనుంది. ముతక ఇసుక దొరక్కపోతే ఫోన్ చెయ్, సంచీలో వేసుకొస్తాను. అమ్మకి నమస్కారాలు.

నీ
రాంబాబు