కార్డ్ పేరు ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకుల వారికి,

కార్డ్స్ టైపు చేస్తే కంప్యూటరే బ్యాండు మొత్తం వాయించేస్తుందని గత ఆదివారం మీ అనుబంధంలో రాశారు. (రేషను కార్డులు కావు, మూడు నాలుగు స్వరాలు కలిపి మోగించే కార్డ్స్.) అబద్ధమేమీ కాదు. మా పర్లాకిమిడిలో శనివారం భజనకి నేను రెండేళ్లుగా చేస్తున్నది ఆ పనే. మృదంగం వాయించే కుర్రాడు ఉద్యోగం వచ్చి వైజాగ్ వెళ్లిపోతే, మా మేనల్లుడు పాత లాప్‌టాప్‌లో బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ వేసిచ్చాడు. 1990 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్ అది. తెర మీద బారుల (కొన్ని దెబ్బల విభాగాల) వారీగా గళ్లుంటాయి. నాలుగు దెబ్బల బారైతే ఆదితాళం ఆవర్తానికి (ఎనిమిది దెబ్బల ఒక చుట్టుకి) 2 బారులు సరిపోతాయి. గడిలో కార్డ్ పేరు కొట్టి ప్లే నొక్కితే బేసు, డ్రమ్స్, పియానో మొదలు. మీ వ్యాసం ఇక్కడ ఆగిపోయింది. మా తంటాలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

మొదటి వారమే హిందోళ రాగంలో త్యాగరాజ కీర్తన ఒకటి తీశాం. ఒకటి శ్రుతి. సా అంటే కీబోర్డు మీద సీ (C), పైన సాధారణ గాంధారం (చిన్న గ, అంటే ఈ ఫ్లాట్, E♭) ఉంది కాబట్టి సీ మైనర్ అనుకుని గళ్లన్నీ దాంతోనే నింపేశాను. రెండో ఆవర్తంలోనే మా వదిన పాట ఆపేసింది.

"ఏటయ్యా ఇది, పంచమం ఎక్కణ్ణుంచి వొచ్చింది?"

తప్పు కంప్యూటరుది కాదు, నాది. సీ మైనర్ అంటే సీ, ఈ ఫ్లాట్, జీ (G). ఆ జీయే పంచమం. హిందోళంలో ఉన్నవి స గ మ ద ని, అంతే. రిషభం లేదు, పంచమం అసలే లేదు. ముప్ఫై ఏళ్లు హార్మోనియం మీద ఆ మెట్టు ముట్టకుండా వాయించినవాణ్ణి, టైపు చేసేసరికి మర్చిపోయాను.

నెల రోజులు కుస్తీ పడితే దారి దొరికింది. ఎఫ్ మైనర్ సెవెన్ కొట్టి, పక్కన గీత పెట్టి సీ అని కొడితే (దీన్ని స్లాష్ కార్డ్ అంటారు) అడుగున సా నిలుస్తుంది, పైన మ ద స గ పలుకుతాయి. నిషాదం దగ్గర బి ఫ్లాట్ మేజర్ వేస్తే అందులోని డీ రిషభమైపోతుంది. దాని బదులు బి ఫ్లాట్ సస్ ఫోర్ వేస్తే ని గ మ, మూడూ రాగంలోవే. హమ్మయ్య అనుకున్నాను.

అనుకున్నానో లేదో, మేనల్లుడు సరదాకి స్టైల్ మార్చి జాజ్ పెట్టాడు. పంచమం మళ్లీ దిగింది! జాజ్ పియానో వాయించేవాళ్లు మనం రాసినదాంతో ఊరుకోరు. మూలస్వరం బేసుకి వదిలేసి, పైన తొమ్మిదో స్వరం (మూలస్వరం నుంచి లెక్కపెడితే పై స్థాయిలో రెండోది) చేర్చుకోవడం వాళ్ల అలవాటు, ఆ స్టైల్‌దీ అదే అలవాటు. ఎఫ్‌కి తొమ్మిదో స్వరం ఏమిటి? జీ. ధైవతం దగ్గర వేసే ఏ ఫ్లాట్ (A♭) కార్డ్‌కి మేజర్ సెవెన్ తగిలించినా వచ్చేది జీయే. కార్డ్ పేరు మారలేదు, ఏ స్వరం కింద ఉండాలి, ఏది పైకి పోవాలి, ఏది అసలు మోగకూడదు అన్నది మారిపోయింది. వాయిసింగ్ అంటే అదే. చివరికి పియానో ట్రాక్ మ్యూట్ చేసి, ఆ నాలుగు స్వరాలూ మిడి (MIDI, కీబోర్డు మీద నొక్కిన మెట్లని కంప్యూటరు గుర్తుంచుకునే పద్ధతి)లో నేనే వాయించి పెట్టాను.

అన్ని రాగాలూ ఇంత ఏడిపించవు. మోహనకి సీ సిక్స్ నైన్ అని ఒక్క కార్డ్ కొడితే సా రీ గా పా దా అయిదూ అందులోనే ఉన్నాయి. కీర్తన చివర అందరూ కలిసి ఆగేచోట కార్డ్ పక్కన మూడు చుక్కలు పెడితే అది పట్టి నిలుపుతుంది, రెండు పెడితే టక్కున కొట్టి ఆపుతుంది. ఇవి తెలిశాక టెన్షన్ చాలా తగ్గింది.

రాగాలకి కార్డ్స్ ఏమిటని పెద్దలు కోప్పడతారు. మా మావగారు ఇప్పటికీ కోప్పడుతూనే ఉన్నారు. కానీ మా భజనకొచ్చే పిల్లలు బడిలో చదివేది ఒడియా. తెలుగు సాహిత్యం ఒడియా లిపిలో రాసుకుని పాడతారు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఇదీ పరిస్థితి. ఆ పిల్లలకి మా పుస్తకంలో తడుముకోకుండా అర్థమయ్యేవి కార్డ్ గుర్తులే. కీబోర్డులు మాత్రం ఇంటింటా ఉన్నాయి, నేర్పేవాళ్లే లేరు.

అందుకని ఒక మనవి. మీ భక్తి పేజీలో కీర్తన వేసినప్పుడు రాగం, తాళం ఎలాగూ ఇస్తున్నారు. ఆరోహణ అవరోహణలు కూడా వేసి, ఏ మాట మీద ఏ కార్డ్, దాని అడుగున ఏ స్వరం అన్నది ఒక్క వరసలో ఇవ్వండి. ఉత్త సీ మైనర్ అని మాత్రం వేయకండి. హిందోళం వరకు నేను రాసి ఈ ఉత్తరంతో జత చేశాను. మా వదిన ఒకసారి చూసింది, ఆవిడకి పంచమం ఎక్కడా తగల్లేదట. మీ దగ్గర సంగీతం తెలిసినవారెవరైనా ఉంటే మరోసారి చూడమనండి.

ఇట్లు,
భజన బృందం కీబోర్డు వాయిద్యకారుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా