డల్లాస్ ప్రయాణంలో పెద్దవాళ్ల అవస్థ

సంపాదకులకు నమస్కారం.

కూతురి పురుడనో, మనవడిని చూసుకోవాలనో మన రెండు రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఏడాది పొడవునా ఉంటున్నారు. చాలామందికి అరవై దాటి ఉంటాయి. ఇంగ్లిష్ అంతంత మాత్రం. వాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా ఎగిరితే సుమారు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వెళ్తే ఇంకో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. ఆ అదనపు దూరానికి పట్టేది గంటన్నర లోపే. మరి కొన్ని టికెట్లలో ప్రయాణం ముప్పై గంటలు ఎందుకవుతోంది? మధ్యలో దిగినచోట ఎనిమిది, పది గంటలు కూర్చోబెడుతున్నారు కాబట్టి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందుకని మధ్యలో దిగి రెండు గంటలు అటూ ఇటూ నడిస్తే ఒంటికి మంచిదే. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు రాత్రంతా కుర్చీలో జాగారం చేయడం మాత్రం మంచిది కాదు.

టికెట్ చూస్తే ఈ సంగతి వాళ్లకు తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగింటికి డల్లాస్‌లో దిగుతారని ఉంటుంది. పన్నెండు గంటలే కదా అనుకుంటారు. వేసవిలో మనకూ డల్లాస్‌కూ పదిన్నర గంటల తేడా. కలిపితే ఇరవై రెండున్నర గంటలు! పైగా గుంటూరు, ఖమ్మం లాంటి ఊళ్ల నుంచి శంషాబాద్ చేరడానికి పట్టే సమయం, మూడు గంటల ముందే లైన్లో నిలబడటం ఏ లెక్కలోకీ రావు. రెండు వేర్వేరు టికెట్లు కలిపి చవగ్గా అంటగట్టే ఏజెంట్లూ ఉన్నారు. అలాంటప్పుడు మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, కొన్ని దేశాల్లో వీసా కూడా అడుగుతారు. ఆ టెన్షన్ పెద్దవాళ్ల వల్ల అవుతుందా?

నేరు విమానం అసాధ్యమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతున్నారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరు సర్వీసు మొదలుపెట్టింది, కానీ అది నిలవలేదు. అంత దూరం ఎగరగల పెద్ద విమానాలు తక్కువ, ఇంధనం ఖర్చు ఎక్కువ, నిజమే. కానీ డల్లాస్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్లు ఉండగా ప్రయాణికులకు కొరత ఉంటుందంటే నమ్మలేను.

కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీ. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కలిసి ఆయన ద్వారా విమాన సంస్థలతో మాట్లాడాలి. ఈలోగా మొత్తం ఎన్ని గంటలు, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, సామాను ఎక్కడ తీసుకోవాలి అన్నవి టికెట్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వేసేలా ఉత్తర్వు ఇప్పించాలి. దీనికి కొత్త విమానాలు కొనక్కర్లేదు, ఈ నెలలోనే చేయొచ్చు.

— ఒక తండ్రి, గుంటూరు