నాన్నగారి ఉత్తరాలు గడప దాటలేదు

రాజమహేంద్రవరం

ప్రియమిత్రమా,

మీ ఇంటి డొమైన్‌లో ఉన్న తమ్ముడి మెయిల్ ఖాతాను బయటి సంస్థ సర్వర్‌కు మార్చబోతున్నానని మొన్న ఫోనులో చెప్పావు. అప్పటి నుండి నీకు వివరంగా రాయాలని మనసులో ఉంది. అటువంటి మార్పే మా ఇంట్లో సంక్రాంతికి చేశాను. దాని ఫలితం ఉగాది దాకా బయటపడలేదు.

మా ఏర్పాటు నీకు తెలిసినదే. బీరువా పక్కన పాత ల్యాప్‌టాప్, దాని మీద డెబియన్ లినక్స్, మెయిల్ సర్వర్‌గా పనిచేసే పోస్ట్‌ఫిక్స్. కరెంటు పోయినప్పుడల్లా డాలస్‌లో ఉన్న అక్క మెయిల్ ఆగిపోతోందని, డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును బయటి సంస్థకు తిప్పి, అక్క ఖాతాను అక్కడికి మార్చాను. అమ్మానాన్నల ఖాతాలు కూడా అక్కడ ఉన్నాయి గాని, వారికి వచ్చే మెయిల్‌ను ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాం అయిదు నిమిషాలకొకసారి ఇంటికి తెచ్చిపెడుతుంది. బయటికి వెళ్ళేవన్నీ, మెయిల్‌ను ఏ సర్వర్‌కు అప్పగించాలో చెప్పే రిలేహోస్ట్ సెట్టింగు ద్వారా 587 పోర్టు మీద అదే సంస్థకు వెళతాయి, మా ఇంటర్నెట్ కనెక్షన్‌లో మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి వాడే 25వ పోర్టు బయటికి మూసి ఉంటుంది కాబట్టి.

ఉగాది నాడు అక్క ఫోను చేసి, మాటల మధ్యలో, "నాన్నా, ఈమధ్య ఉత్తరాలు మానేశారేం?" అని అడిగింది. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ప్రతి ఆదివారం రాస్తూనే ఉన్నానమ్మా, నీకు తీరిక ఉండటం లేదేమో అనుకున్నాను" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మొదట పాత అనుమానాలే వచ్చాయి. నాన్నగారి ఖాతా నుండి నా ఆఫీసు చిరునామాకు పంపి చూస్తే నిమిషంలో వచ్చింది, కాబట్టి బయటికి దారి బాగానే ఉంది. అక్క స్పామ్ ఫోల్డరంతా వెతికింది, అందులో లేవు. ఇంకా పంపవలసిన ఉత్తరాలను చూపే మెయిల్‌క్యూ ఆదేశం ఇస్తే క్యూ ఖాళీ అని చెప్పింది, రెండు సాయంత్రాలు నన్ను తప్పుదారి పట్టించినది అదే. క్యూలో లేదంటే వెళ్ళిపోయిందనే అనుకున్నాను. ఎక్కడికి వెళ్ళిందని అడగలేదు.

మూడవ రోజు, పోస్ట్‌ఫిక్స్ చేసే పనులు నమోదయ్యే లాగ్ తెరిచి అక్క చిరునామా ఉన్న వరుసలు మాత్రమే తీశాను. పాత లాగ్‌లు నాలుగు వారాలు దాటితే చెరిగిపోతాయి కాబట్టి కొద్ది వరుసలే మిగిలాయి. ప్రతి వరుస చివర స్టేటస్ సెంట్ అనే ఉంది. అంతవరకు చదివి ఆగితే సంతోషమే. కాని అదే వరుసలో కొంచెం ముందు, రిలే అన్నచోట బయటి సంస్థ పేరు, 587 ఉండవలసింది పోయి, లోకల్ అని ఉంది. చివరి బ్రాకెట్లలో, ఉత్తరాలు దాచే మెయిల్‌డిర్ అనే ఫోల్డరుకు అందజేయబడింది అన్న అర్థం వచ్చే మాట. అంటే ఉత్తరం గడప దాటకుండా ఈ ల్యాప్‌టాప్‌లోనే మిగిలిపోయిన అక్క పాత ఖాతాలో పడింది. ఆ ఖాతాను తీసివేయాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ ఫోల్డరు తెరిచాను. మెయిల్‌డిర్‌లో చదవనివి న్యూ అనే డైరెక్టరీలో ఉంటాయి, ఫైలు పేరు 1970 జనవరి 1 నుండి లెక్కించిన సెకన్లతో మొదలవుతుంది. ఆ సంఖ్యలను తేదీలుగా మార్చి చూస్తే అన్నీ ఆదివారాలే. మొత్తం తొమ్మిది.

కారణం ఇది. చిరునామాలోని డొమైన్ మైడెస్టినేషన్ అనే సెట్టింగు వరుసలో ఉంటే, పోస్ట్‌ఫిక్స్ దాన్ని తనదిగానే భావించి ఉత్తరాన్ని లోకల్‌గా అందజేస్తుంది. ఆ వరుసలో లేని డొమైన్‌లకే రిలేహోస్ట్ గాని, ఎంఎక్స్ గాని పనికివస్తాయి. డెబియన్‌లో పోస్ట్‌ఫిక్స్ పెట్టేటప్పుడు మెయిల్ పేరు అడిగితే నేను మా డొమైన్ ఇచ్చాను, అది మైడెస్టినేషన్‌లో చేరిపోయింది. ప్రపంచమంతా ఎంఎక్స్ చూసి కొత్త చోటికి పంపుతుంటే, మా ఇల్లొక్కటే పాత చోట పడవేస్తోంది. రూఢి చేసుకోవడానికి, బయటి సంస్థలో గత నెలలోనే ఖాతా తెరిచిన వదినగారి చిరునామాకు పంపాను. ఈ యంత్రంలో ఆమెకు ఎన్నడూ ఖాతా లేదు. వెంటనే 550 5.1.1, లోకల్ పట్టికలో ఆ పేరు లేదని తిరస్కరించింది. అక్కకు పాత ఖాతా లేకపోయి ఉంటే మొదటి ఆదివారమే నాన్నగారికి ఈ ఎర్రర్ కనిపించేది.

సరిదిద్దే ముందు సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగును ఎస్ అని పెట్టాను. పొరపాటు జరిగినా ఉత్తరం తిరిగిపోకుండా క్యూలో నిలిచి ఉంటుంది, క్యూకు మామూలుగా 5 రోజుల గడువు ఉంది. తరువాత మైడెస్టినేషన్ నుండి డొమైన్‌ను తొలగించి, ఇంటి యంత్రం పేరు, లోకల్‌హోస్ట్ మాత్రం ఉంచాను. అమ్మానాన్నలు ఒకరికొకరు పంపుకునేవి ఇంట్లోనే ఉండాలని వర్చువల్ ఏలియాస్ ఫైలులో వారి చిరునామాలను ఇంటి యంత్రం పేరుకు మళ్ళించి, ఆ ఫైలును పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ ఆదేశం నడిపి, రీలోడ్ చేశాను. పోస్ట్‌మ్యాప్ మరిచిపోకు, అది నడపనిదే కొత్త వరుసలు చెల్లవు.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. వేళకు పనులు నడిపే క్రాన్ నుండి, యంత్రపు నిర్వాహక ఖాతా అయిన రూట్‌కు వచ్చే సందేశాలకు, డొమైన్ లేని పేర్లకు ఏది చేర్చాలో చెప్పే మై ఆరిజిన్ సెట్టింగు ప్రకారం డెబియన్‌లో మన డొమైనే అతుక్కుంటుంది. మైడెస్టినేషన్ నుండి డొమైన్ పోగానే అవి కూడా బయటి సంస్థకు బయలుదేరుతాయి. బ్యాకప్ విఫలమైందన్న వార్త నీకు చేరాలంటే అదే వర్చువల్ ఏలియాస్ ఫైలులో రూట్‌కు కూడా ఒక వరుస ఉండాలి.

ఆ తరువాత సెండ్‌మెయిల్ ఆదేశానికి మైనస్ బీవీ అనే ఆప్షన్ జోడించి అక్క చిరునామా ఇచ్చాను. అది అక్కకు ఉత్తరమేదీ పంపకుండా దారిని మాత్రం పరీక్షించి నివేదికను నాకు మెయిల్‌లో పంపుతుంది. అందులో రిలే అన్నచోట బయటి సంస్థ పేరు, 587 కనిపించాక గాని నాకు ఊపిరి అందలేదు. సాఫ్ట్ బౌన్స్‌ను మళ్ళీ నో చేసేశాను.

తొమ్మిది ఉత్తరాలను ఫార్వర్డ్ చేయబుద్ధి కాలేదు. చేస్తే అవి నేటి తేదీతో, నా పేరుతో వెళతాయి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో అక్క పాత ఖాతాను, ఆమె అనుమతితో కొత్త ఖాతాను పక్కపక్కన తెరిచి, ఇందులో నుండి అందులోకి కాపీ చేశాను. ప్రతిదీ తన ఆదివారంతోనే, నాన్నగారి పేరుతోనే చేరింది. మామిడి పూత గురించి, గోదావరి గట్టు మీద నడక గురించి రాశారట. అక్క ఒక్కొక్కదానికి విడిగా జవాబు రాస్తోంది, నిన్నటికి నాలుగు వచ్చాయి.

నువ్వు తమ్ముడి ఖాతా మార్చే రోజున, ఎంఎక్స్ తిప్పకముందే, పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులను చూపే పోస్ట్‌కాన్ఫ్ ఆదేశానికి మైడెస్టినేషన్ జోడించి నడిపి, వచ్చిన వరుసను ఉన్నది ఉన్నట్లుగా నాకు పంపు. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

నీ మిత్రుడు