బీడీ కార్మికులను అడ్డుపెట్టుకునేది కంపెనీలే

సంపాదకులు గారికి నమస్కారం.

కట్టల మీది హెచ్చరిక బొమ్మలు బీడీ కార్మికుల పొట్ట కొడుతున్నాయని పది రోజుల కింద మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఆ మాట కార్మికులది కాదు, యజమానులది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ఇళ్లల్లో ఆడవాళ్లు చేసే పని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం. కట్ట మీద అంటించే లేబుల్ కంపెనీ అచ్చువేయించేది. ఆ కాగితం మీద బొమ్మ 40 శాతం ఉన్నా 85 శాతం ఉన్నా వెయ్యి బీడీల కూలీలో ఒక్క పైసా మారదు. కూలీ పోయేది వేరే చోట. ఆకు తక్కువ తూచి ఇస్తే వెయ్యికి సరిపోదు, మిగతాది చేతి డబ్బుతో కొనాలి. బాగాలేవని తీసేసిన బీడీలకు లెక్క కట్టరు. చాలామందికి పీఎఫ్ ఉండదు. వీటిపై ఆ వార్తలో ఒక్క వాక్యం లేదు.

ఇది పాత ఎత్తుగడే. 1954 జనవరిలో అమెరికా సిగరెట్ కంపెనీలు 400కు పైగా పత్రికల్లో ప్రకటన వేసి, క్యాన్సర్ సంగతి ఇంకా రుజువు కాలేదన్నాయి. మన దగ్గర 2015లో ఈ హెచ్చరిక బొమ్మల నిబంధనను పరిశీలించిన పార్లమెంటు కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ, పొగాకుతో క్యాన్సర్ వస్తుందనడానికి భారత్‌లో అధ్యయనమే లేదన్నారు. ఆ కమిటీ సభ్యుడు శ్యామాచరణ్ గుప్తా స్వయంగా బీడీ వ్యాపారి. ప్యాకెట్ మీద 85 శాతం బొమ్మ ఉండాలన్న నిబంధన 2015 ఏప్రిల్ 1న రావాల్సింది, ఏడాది ఆగింది. 2016లో వస్తే పెద్ద సిగరెట్ కంపెనీలు ఫ్యాక్టరీలు మూసి బెదిరించాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వబట్టి నిలిచింది. మొదట అధ్యయనం లేదనడం, తర్వాత గడువు, తర్వాత ఫ్యాక్టరీల మూత, చివరికి కోర్టు; ఇప్పుడు కార్మికుల పేరు. ప్రతిసారీ ఏదో ఒక సాకు.

గుట్కాకూ దారి కనిపెట్టారు. నిషేధం రాగానే పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, పక్కపక్కనే వేలాడదీసి అమ్ముతున్నారు. కొన్నవాడు కలుపుకుంటాడు. ప్రకటనేమో అదే పేరుతో ఇలాచీది. అలాంటి ప్రకటనలు పత్రికలు కూడా వేస్తున్నాయి, చెప్పక తప్పదు.

ఇక అధికారులు. బడి, కాలేజీ ప్రహరీ నుంచి చుట్టూ 100 గజాల్లో పొగాకు అమ్మొద్దని 2003 చట్టం. హనుమకొండలో కాలేజీల గేట్ల ఎదుట పాన్ డబ్బాలు ఎవరికి కనిపించవు? జరిమానా 200 రూపాయలు దాటదు, అది కూడా 2003 నాటి రేటు. విడి సిగరెట్ అమ్మితే కొన్నవాడు బొమ్మ చూడనే చూడడు. విడి అమ్మకం ఆపి, జరిమానా పెంచే ముసాయిదాను కేంద్రం 2021 జనవరిలో బయటపెట్టింది. దుకాణదారుల పేరుతో అభ్యంతరాలు వచ్చాయి, అది అక్కడే ఆగింది. పొగాకు కంపెనీలతో అధికారులు ఎలా మెలగాలో 2020లో కేంద్ర ఆరోగ్యశాఖ నియమావళే ఇచ్చింది. దాన్ని జిల్లాల్లో ఎందరు చదివారో కలెక్టర్లే చెప్పాలి.

మీ విలేకరిని ఒక్కసారి బీడీల గంప దించే చోటికి పంపండి. ఎంత ఆకు ఇచ్చారు, ఎన్ని బీడీలు తీసేశారు, పీఎఫ్ ఎందరికి ఉందో కార్మికులనే అడిగి, ఆ వార్త వేసిన పేజీలోనే అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ